పారేయొద్దు సరే.. మరి ఏడ ఇయ్యాలె?

ఈ ముచ్చట చదివే ముందు ఒక చిన్న పని చేయుండ్రి. మీ సెల్లు చార్జర్‌ను బోర్డుల నుంచి పీకి, తిప్పి చూడుండ్రి. చీమల బారు లెక్క సన్నటి అక్షరాలు ఉంటయి. వాటి నడుమ కొన్ని బొమ్మలు ఉంటయి. ఒక చదరం లోపల ఇంకొక చదరం ఉంటే, షాక్ కొట్టకుండ లోపల రెండు పొరల రక్షణ ఉన్నదని అర్థం. ఇల్లు బొమ్మ ఉంటే, ఇంట్లనే వాడుకోవాలె, బయట వానల పెట్టొద్దని అర్థం. చాలా చార్జర్ల మీద ఇంకొకటి కనిపిస్తది. చక్రాలున్న చెత్త డబ్బా, దాని మీద ఇంటూ మార్కు.

ఆ డబ్బా గురించే ఈ ముచ్చట. మా నాయినకు చూపిస్తే కండ్లద్దాలు సర్దుకొని, "చెత్త డబ్బా ఖరాబైందని రాసిండ్రా?" అన్నడు. ఇంటర్ చదివే మా చెల్లె, "దీని మీద చెత్త వేయొద్దని కావచ్చు" అన్నది. ఇద్దరి తప్పూ లేదు. ఆ బొమ్మ మనల్ని చూసి గీసింది కాదు.

ఆ డబ్బా ఏడికెళ్లి వచ్చింది?

ఆ బొమ్మ యూరప్ నుంచి వచ్చింది. ఎలక్ట్రానిక్ చెత్త మీద యూరోపియన్ యూనియన్ 2003ల ఒక చట్టం చేసింది. పాత టీవీ, పాత ఫోన్, కాలిపోయిన మిక్సీ మామూలు చెత్తల కలవొద్దు, వాటిని వేరేగ జమ చేసి లోపలి లోహాలను మల్ల తీయాలె అన్నది ఆ చట్టం సారం. కొన్నోళ్లకు ఆ సంగతి యాదికి ఉండాలని వస్తువు మీద ఈ బొమ్మ వేయమన్నరు. కొన్ని వస్తువుల మీద డబ్బా కింద నల్ల పట్టీ సుత ఉంటది. ఆ వస్తువు 2005 ఆగస్టు 13 తర్వాత మార్కెట్‌కు వచ్చిందని దాని గుర్తు.

మన దేశం సుత అదే బొమ్మ తెచ్చుకున్నది. 2011ల చేసిన ఈ-వేస్ట్ నిబంధనలు 2012 మే 1 నుంచి అమల్లకు వచ్చినయి. వస్తువు మీదనో, దానితోటి వచ్చే కాగితాల మీదనో ఈ గుర్తు ఉండాలని అందుల రాసిండ్రు. 2016 నిబంధనలల్ల సుత అదే మాట. 2022ల బ్యాటరీల కోసం వేరే నిబంధనలు వస్తే, బ్యాటరీల మీద సుత అదే డబ్బా వేయమన్నరు.

ఇప్పుడు జర ఆలోచన చేయుండ్రి. యూరప్‌ల చాలా ఊర్లల్ల ఇంటి ముందట నిజంగనే చక్రాల డబ్బా ఉంటది. రోజూ దాన్ని చూసెటోడు బొమ్మ కనిపించంగనే "దీన్ల వేయొద్దు" అనుకుంటడు. మరి ఏడ ఇయ్యాలె అంటే, పాత సామాను తీసుకునే కేంద్రాలు ఉంటయి, కొత్తది అమ్మిన దుకాణం పాతది వాపస్ తీసుకుంటది. అంటే ఆ గుర్తుల సగం బొమ్మల ఉన్నది, మిగిలిన సగం ఊర్ల ఉన్నది. మనకు బొమ్మల ఉన్న సగమే వచ్చింది.

మన దిక్కు ఏమైతున్నది?

2019ల పల్లె ప్రగతి మొదలైనంక ఊరూరికి ట్రాక్టర్ వచ్చింది, డంపింగ్ యార్డు వచ్చింది. తడి చెత్త వేరే, పొడి చెత్త వేరే అని మనకు తెలిసింది. మరి తెగిపోయిన ఇయర్‌ఫోన్ తడినా, పొడినా? పొడి చెత్తలనే వేస్తం. అది యార్డుకు పోతది. ఎండకాలం ఎవరో అగ్గి పెడతరు. కవర్లతోని పాటు వైర్లు కాలుతయి, బోర్డులు కాలుతయి.

కొన్నయితే ఇంట్ల నుంచి బయటికే పోవు. మీ సజ్జ మీద ఒకసారి చూడుండ్రి. బటన్ ఫోను, పగిలిన టచ్ ఫోను, పనిచేయని రిమోట్లు, సెట్‌టాప్ బాక్సు, మాడిపోయిన ఎల్ఈడీ బుగ్గలు, డబ్బా టీవీ. బాయి కాడ మోటర్ షెడ్డుల ఇంకో లెక్క ఉంటది. కాలిన స్టార్టర్, ఉబ్బిన కెపాసిటర్, మందు కొట్టే పంపు బ్యాటరీ. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చినంక పీకి పక్కన పడేసిన ఆటో స్టార్టర్లు సుత ఉంటయి. హైదరాబాద్‌ల ఈ-వేస్ట్ అంటే కంప్యూటర్ యాదికొస్తది. బోర్ల మీద బతికే పాలమూరు, నల్లగొండ రైతుకు మాత్రం స్టార్టర్ డబ్బా యాదికి రావాలె.

వీటిల్ల ఏముంటదంటరా? డబ్బా టీవీ గాజుల సీసం ఉంటది. పాత బోర్డుల అతుకులల్ల సీసం ఉంటది. సీఎఫ్ఎల్ బుగ్గల పాదరసం ఉంటది. రాగి కోసం వైరు కాలిస్తే, దాని మీది పీవీసీ పొగల డయాక్సిన్లు వస్తయి. సీసం పిలగాండ్ల మెదడును దెబ్బ తీస్తది. ఇంత దాక అయితే ఫర్వాలేదు అనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది.

ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన తరాలను చూసిన జిల్లా నల్లగొండ. నేలల ఉన్న విషం ఎవరి ఒంట్ల, ఎన్నేండ్లకు తేలుతదో మనకు ఇంకొకరు చెప్పే పని లేదు. ఫ్లోరైడ్ అన్నా మనం కలిపింది కాదు, బండల నుంచి నీళ్లల్లకు దిగింది. సీసాన్ని మాత్రం మన చేతులతోని మనమే కలుపుతున్నం.

అదే డబ్బాల బంగారం సుత ఉన్నది

విషం ఒక్కటే ఉంటే ఎవరూ పట్టించుకోరు. పైసలు సుత ఉన్నయి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం 10 లక్షల సెల్‌ఫోన్లను సరిగ్గ రీసైకిల్ చేస్తే దాదాపు 34 కిలోల బంగారం, 350 కిలోల వెండి, 15 కిలోల పల్లాడియం, 16 టన్నుల దాక రాగి వస్తయి.

నమ్మబుద్ధి కాకపోతే పీవీ సింధు మెడల చూడుండ్రి. టోక్యో ఒలింపిక్స్ మెడళ్ల కోసం జపాన్ ప్రజలు 2017 నుంచి 2019 దాక పాత సామాను జమ చేసిండ్రు. దాదాపు 79 వేల టన్నుల పరికరాలు వచ్చినయి, అందుల 62 లక్షల ఫోన్లు ఉన్నయి. వాటి నుంచి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు తీసి, సుమారు 5 వేల మెడళ్లు పోసిండ్రు. 2021 ఆగస్టు 1న మన సింధు గెలిచిన కంచు మెడల్ అందుల ఒకటి.

ప్రపంచం మొత్తం చూస్తే ఇంకో తీరుగ ఉన్నది. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024ల ఇచ్చిన లెక్కల ప్రకారం, 2022ల ప్రపంచంల 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ వచ్చింది. దాంట్ల లెక్కపత్రంతోని జమ అయ్యి రీసైకిల్ అయింది 22.3 శాతమే. ఈ చెత్త ఎక్కువ పుట్టే దేశాలల్ల చైనా, అమెరికా తర్వాత మనదే నంబర్.

గిన్నెకు సెల్లు ఇస్తే..

"పాత సెల్లులు, ఖరాబైన సెల్లులు తీసుకుంటం, ప్లాస్టిక్ డబ్బాలు ఇస్తం" అని మైకు పెట్టుకొని బండ్లు వస్తయి. అమ్మలకు పనికిరాని సెల్లు పోయి పనికొచ్చే డబ్బా వస్తది. బేరం మంచిగనే కనిపిస్తది.

కాని 2024 ఆగస్టుల రామగుండంల ఏమైందో యాది చేసుకోవాలె. బీహార్‌కు చెందిన ముగ్గురిని తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోలీసులు పట్టుకున్నరు. వాళ్ల దగ్గర బస్తాలల్ల దాదాపు 4 వేల పాత ఫోన్లు దొరికినయి. ఊర్లు తిరిగి జమ చేసిన ఆ ఫోన్లను బాగు చేయించి సైబర్ నేరగాండ్లకు చేర్చుతున్నరని పోలీసులు చెప్పిండ్రు. అంటే మన సజ్జ మీది ఫోనే తిరిగి తిరిగి, "మీ ఖాతా బంద్ అయితది, ఓటీపీ చెప్పుండ్రి" అని మన తాతకే ఫోన్ చేయొచ్చు.

బండి మీద వచ్చెటోళ్లందరూ దొంగలని కాదు. చాలామంది పొద్దున లేస్తే పది ఊర్లు తిరిగి పొట్ట పోసుకునెటోళ్లే. ఇనుము, అట్టలు, సీసాలు రీసైకిల్ అయితున్నయంటే వాళ్ల పుణ్యమే. కాని ఏ బండికి ఇయ్యొచ్చు, ఏ బండికి ఇయ్యొద్దు అని మనకు తెలిపే గుర్తు ఒక్కటి సుత లేదు. చార్జర్ వెనుక ఉన్న డబ్బా ఆ సంగతి చెప్పదు. అది "వద్దు" అంటది, అంతే.

గుర్తుల సంగతి నల్లగొండకు చెప్పాల్నా?

గుర్తు అంటే ఏందో, అది ఎట్ల పని చేస్తదో మన జిల్లాలకు తెలిసినంత వేరేటోళ్లకు తెల్వదు. 1952 తొలి ఎన్నికలల్ల ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క డబ్బా, డబ్బా మీద అతని గుర్తు. చదువు రానోళ్లు సుత గుర్తు చూసి ఓటు వేసిండ్రు. సాయుధ పోరాటం నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి ఆ ఎన్నికలల్ల నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నడు. ఆనాడు గుర్తు, డబ్బా ఒక్క దగ్గరనే ఉన్నయి. గుర్తు చూసినోనికి ఓటు ఏడ వేయాల్నో అడిగే పని పడలేదు.

1996ల ఇంకో పాఠం. ఫ్లోరైడ్ గోస దేశానికి వినపడాలని జల సాధన సమితి పిలుపు ఇస్తే, నల్లగొండ లోక్‌సభ సీటుకు 480 మంది నిలబడ్డరు. బ్యాలెట్ కాగితం పుస్తకం అయింది. ఎన్నికనే వాయిదా పడ్డది. ఆ ఏడే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10 వేలు చేసిండ్రు. నిరసన గెలిచింది, దేశం మొత్తం మన దిక్కు చూసింది. గుర్తుల లెక్కల చూస్తే మాత్రం ఒక సంగతి తెలుస్తది. 480 గుర్తులు ఒక్క దగ్గర ఉంటే ఏ గుర్తూ యాదికి ఉండదు. మన చార్జర్ వెనుక సుత అదే గోల. పది బొమ్మల నడుమ పదకొండో బొమ్మ.

మూడోది 2022 మునుగోడు ఉప ఎన్నిక. రోడ్ రోలర్, చపాతీ రోలర్ లాంటి గుర్తులు కారు లెక్కనే కనిపిస్తున్నయి, ముసలోళ్లు తికమక పడుతున్నరు అని అప్పటి టీఆర్ఎస్ లొల్లి పెట్టింది. ఆ గొడవల ఎవరిది న్యాయం అన్నది పక్కన పెట్టుండ్రి. గుర్తు గీసెటోళ్లకు అది పెద్ద పాఠం. నీ బొమ్మ నీకు ఎంత మంచిగ కనిపించినా సరే, దూరం నుంచి ఇంకొక దాని లెక్క కనిపిస్తే పని ఖరాబ్.

ఇంకొకటి, ఎర్ర త్రికోణం. పెద్దోళ్లను అడుగుండ్రి, కుటుంబ నియంత్రణ అని టక్కున చెప్తరు. తలకిందుల త్రికోణానికి, పిల్లలకు ఏం సంబంధం? ఏం లేదు. అయినా అది పని చేసింది, ఎందుకంటే గోడ మీద త్రికోణం ఉన్న కాడ లోపల నర్సమ్మ ఉన్నది, మందులు ఉన్నయి. అదే గుర్తు ఎమర్జెన్సీల బలవంతపు ఆపరేషన్లతోని భయం గుర్తు అయింది. గుర్తుకు విలువ దాని వెనుక నిలబడ్డ మనుషులు, వాళ్లు చేసిన పనిని బట్టి వస్తది.

బయటోళ్లు ఏడ తప్పు చేసిండ్రు?

మూడు బాణాలు ఒకదాని వెనుక ఒకటి తిరిగే రీసైక్లింగ్ గుర్తు మీరు చూసే ఉంటరు. అది 1970ల పుట్టింది. అమెరికాల అట్ట డబ్బాలు చేసే ఒక కంపెనీ పోటీ పెడితే 500లకు పైన బొమ్మలు వచ్చినయి. గెలిచింది గ్యారీ అండర్సన్ అనే 23 ఏండ్ల విద్యార్థి. మీ వయసోడే. ఆ గుర్తును ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసిండ్రు, అందుకే అది ప్రపంచం మొత్తం పాకింది.

కాని 1988ల అమెరికా ప్లాస్టిక్ కంపెనీల సంఘం ఆ బాణాల నడుమ 1 నుంచి 7 దాక నంబర్లు వేసింది. అది ఏ రకం ప్లాస్టిక్ అని చెప్పే నంబర్ మాత్రమే. జనం ఏమనుకున్నరు? బాణాలు ఉన్నయంటే రీసైకిల్ అయితది అనుకున్నరు. చాలా రకాలు కానే కావు. 2013ల బాణాలు తీసేసి మామూలు త్రికోణం పెట్టాలని ప్రమాణం మార్చిండ్రు. అప్పటికే 25 ఏండ్లు జనం తప్పు నమ్మిండ్రు. చేయని పనిని చేస్తున్నట్టు చూపించే గుర్తు, గుర్తు లేకపోవుడు కంటే చెడ్డది.

బంగ్లాదేశ్‌ల ఇంకో కథ. బోరింగులల్ల ఆర్సెనిక్ విషం ఉన్నదని తేలినంక, లక్షల బోరింగులను పరీక్ష చేసి, విషం ఉన్నదానికి ఎర్ర రంగు, మంచిదానికి ఆకుపచ్చ రంగు వేసిండ్రు. చదువు రానోళ్లకు సుత అర్థమయ్యే గుర్తు. ఆకుపచ్చ బోరింగు దగ్గరల ఉన్నోళ్లు అక్కడికి పోయిండ్రు. దగ్గరల ఏదీ లేనోళ్లు ఏం చేస్తరు? ఎర్ర బోరింగు నీళ్లే తాగిండ్రు. "వద్దు" అని చెప్పుడు సగం పని. "ఇక్కడికి రా" అని చెప్పేదాక అది పూర్తి కాదు.

మన గుర్తు ఎట్ల ఉండాలె?

ముందుగల ఏం గీయొద్దో చూద్దాం. ఆకు, భూగోళం గీస్తే విత్తనాల దుకాణం అనుకుంటరు. సెల్లు బొమ్మ గీస్తే సెల్ పాయింట్ అనుకుంటరు. పుర్రె గీస్తే మందు డబ్బా యాదికొస్తది, ముట్టుకోరు. మందు డబ్బాల మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు విషం ఎంతున్నదో చెప్తయి. ఆకుపచ్చ ఉంటే విషం తక్కువ అనే గాని, లేదని కాదు. అంటే ఒట్టి రంగును నమ్ముకుంటే మోసపోతం. ఇగ మన ఊర్లల్ల రంగుల సంగతి మీకు ఎర్కే. గులాబీ ఒకరిది, కాషాయం ఒకరిది, ఎరుపు ఒకరిది, పసుపు ఒకరిది, మూడు రంగులు ఒకరివి. ఏ రంగు వేసినా "ఇది మా పార్టోళ్లది కాదు" అంటరు. అందుకే సున్నం గోడ మీద నల్ల గీత మేలు. ఫొటోకాపీల సుత మంచిగ వస్తది.

నా మనసుల ఉన్న బొమ్మ ఒకటి చెప్తా. గంప. గంపల ఒక ప్లగ్గు.

గంప ఎందుకంటే, పారేయడానికి గంప ఎత్తుకునెటోళ్లు తక్కువ. పత్తి ఏరితే గంప, కంకులు తెంపితే గంప, అంగడికి పోతే గంప. దేశంల ఏడ ప్రాజెక్టు కట్టినా మట్టి మోసిన పాలమూరు లేబర్ నెత్తిన ఉన్నది గంపనే. గంప చూస్తే మనకు ఏరుకొచ్చుడు, జమ చేసుడు యాదికొస్తది. ఇంటూ కొట్టిన డబ్బా "వేయొద్దు" అంటే, గంప "తీసుకొని రా" అంటది.

ప్లగ్గు ఎందుకంటే, సెల్లు రూపం మారుతది, టీవీ రూపం మారుతది, ప్లగ్గు మాత్రం అవ్వకు తెలుసు, అంగన్‌వాడీ పిల్లకు తెలుసు. కరెంటుతోని నడిచేవన్నీ ఇండ్లకే అని ఒక్క చూపుల అర్థమైతది.

గీసుడు ఎట్లనంటే, కింద సగం చందమామ, దాని మీద అల్లిక లెక్క రెండు అడ్డ గీతలు, పైన రెండు కాళ్ల ప్లగ్గు, దాని వైరు గంపల నుంచి కొంచెం బయటికి వేలాడాలె. అంతే. బడి పిలగాడు సుద్దముక్కతోని గీయాలె. ఎక్స్‌రే కాగితం కోసి అచ్చు చేస్తే గోడ మీద బ్రష్షుతోని నిమిషంల పడాలె. రూపాయి బిళ్ల అంత చేసినా తెలవాలె, ఇరవై అడుగుల దూరం నుంచి చూసినా తెలవాలె.

ఒక జాగ్రత్త. ఎన్నికల సంఘం స్వతంత్రులకు ఇచ్చే గుర్తులల్ల పండ్ల బుట్ట ఉన్నది, మొబైల్ చార్జర్ సుత ఉన్నది. మునుగోడు లొల్లి మల్ల మొదలు కావొద్దంటే రెండూ కలిపే గీయాలె, ఒట్టి గంపనో, ఒట్టి చార్జరో గీయొద్దు.

ముఖ్యమైనది ఇంకొకటి. బొమ్మ కింద ఒక ఖాళీ పట్టీ విడిచిపెట్టాలె. అందుల సుద్దతోని రెండే ముచ్చట్లు రాయాలె: ఏ రోజు, ఏ జాగ. "నెలల మొదటి ఐతారం, పంచాయతీ షెడ్డు" అన్నట్టు. ఆ పట్టీ ఖాళీగ ఉన్న గోడ మీద గుర్తు వేయొద్దు. తీసుకునే ఏర్పాటు లేకుండ గుర్తు వేస్తే, అది కూడ చార్జర్ వెనుక డబ్బా లెక్కనే అయితది.

గీసినంక ఊరితోని పరీక్ష

మనకు నచ్చిందని గుర్తు మంచిదైతదా? కాదు. పరీక్ష చేయాలె. ప్రమాద హెచ్చరిక బొమ్మలకు అమెరికాల ఒక ప్రమాణం ఉన్నది. నూరు మందికి చూపిస్తే కనీసం 85 మందికి సరిగ్గ అర్థం కావాలె, ఉల్టా అర్థం చేసుకునెటోళ్లు 5 మందికి మించొద్దు. అంతర్జాతీయ ప్రమాణం 67 శాతం అంటది.

మన ఊర్ల ఇరవై మంది చాలు. చదువు రాని అవ్వలు, బడి పిలగాండ్లు, మోటర్ మెకానిక్, సెల్లు రిపేర్ చేసే తమ్ముడు, ట్రాక్టర్ మీద చెత్త ఎత్తే సఫాయి అన్న, పాత సామాన్ల బండి ఆయన. "ఇదేంది?" అని అడగొద్దు. "ఇది గోడ మీద చూస్తే నువ్వు ఏం చేస్తవ్?" అని అడగాలె. "ఖరాబైన సామాను ఇక్కడ ఇస్తా" అని ఇరవైల పదిహేడు మంది అంటే బొమ్మ పాసైనట్టు. "ఇక్కడ కరెంటు ఉన్నది, ముట్టొద్దు" అని ఇద్దరు ముగ్గురు అన్నా సరే, మల్ల గీయాలె. నా గంప ఫెయిలైతే నాకేం బాధ లేదు, మీ బొమ్మ పెట్టుండ్రి.

గుర్తు వెనుక ఎవరు నిలబడాలె?

2022 ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైతున్నయి. 106 రకాల వస్తువులు వాటి కిందికి వస్తయి. సామాను తయారు చేసిన కంపెనీలే పాత సామాను రీసైకిల్ బాధ్యత మోయాలె. లెక్క 60 శాతంతోని మొదలైంది, 2025-26 నుంచి 70, 2027-28 నుంచి 80 శాతం. కంపెనీలు ఆ లెక్క చూపించాలంటే రిజిస్టర్ అయిన రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొనాలె. అంటే రీసైక్లర్‌కు మన పాత సామాను అక్కరనే. కాకపోతే ఒక్క చార్జర్ కోసం ఎవరూ దేవరకొండకో, అచ్చంపేటకో బండి పంపరు. పది ఊర్ల సామాను ఒక్క దగ్గర జమ అయితే బేరం కుదురుతది. గంప అంటే అదే, జమ చేసుడు.

ఊర్ల యువకులు, యువతులు చేయాల్సింది పెద్దగ ఏం లేదు. పంచాయతీ షెడ్డుల తాళం వేసే ఒక మూల అడగాలె. సర్పంచ్, కార్యదర్శి ఒప్పుకుంటే చాలు. పాత సామాన్ల బండి ఆయనను పక్కకు నెట్టొద్దు, ఆయన బండి మీదనే గంప గుర్తు వేయాలె. ఆయనకు ఒక్కటే షరతు: పగలగొట్టొద్దు, కాల్చొద్దు, తెచ్చి షెడ్డుల కాంటా వేయాలె, ఆయన కూలి ఆయనకు ముట్టాలె. మండలంల జమ అయినంక కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కు ఇయ్యాలె, రసీదు తీసుకోవాలె, ఆ రసీదు పంచాయతీ గోడకు అతికించాలె. గుర్తు మీద నమ్మకం ఆ రసీదుతోనే వస్తది.

ఇచ్చే ముందు మీరు చేసేటివి: సిమ్ము, మెమరీ కార్డు తీయుండ్రి. ఫోన్ ఆన్ అయితే మొత్తం డేటా చెరిపి రీసెట్ కొట్టుండ్రి. ఉబ్బిన బ్యాటరీని పొడవొద్దు, ఒత్తొద్దు, గంపల కలపొద్దు. పొడి ఇసుక పోసిన డబ్బాల వేరేగ పెట్టుండ్రి. సీఎఫ్ఎల్ బుగ్గ పగలకుండ అట్టల చుట్టుండ్రి.

మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిల లిథియం బ్యాటరీల కోసం అమర రాజా గిగా కారిడార్‌కు 2023 మే నెలల పునాది వేసిండ్రు. హైదరాబాద్ చర్లపల్లిల ఉన్న కేంద్ర సంస్థ సీ-మెట్, పాత సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతుల మీద పని చేస్తున్నది. తయారు చేసే జాగ మనదే, తీసే విద్య మన రాజధానిల ఉన్నది. నడుమ మన ఊరి సజ్జ నుంచి అక్కడి దాక పోయే తొవ్వ లేదు. ఆ తొవ్వకు మొదటి రాయి గోడ మీద ఒక బొమ్మ, బొమ్మ కింద ఒక తారీఖు.

ఇగ చార్జర్‌ను మల్ల బోర్డుల పెట్టుకోండ్రి. అది ఖరాబైన నాడు ఏడ ఇయ్యాల్నో మా నాయిన మీ ఊరి గోడ చూసి చెప్పగలిగితే, మీ గుర్తు గెలిచినట్టు.